చిన్న బొమ్మ కింద నెరిసిన చెక్క: ఏ పుల్ల తీసుకోవాలి, ఏ రంగు వేయాలి

రెండంగుళాల బొమ్మకు కనుబొమ్మల దాకా ఓపికగా రంగులు వేసి, చివరికి దాన్ని నల్లటి ప్లాస్టిక్ బిళ్ళ మీద నిలబెడితే పని సగంలో ఆగిపోయినట్టే ఉంటుంది. అదే బొమ్మను నాలుగు పాత పలకల మీద నిలబెట్టి చూడండి. అది మంచె మీద కాపలా కాస్తున్నట్టో, రేవులో పడవ కోసం ఎదురు చూస్తున్నట్టో అనిపిస్తుంది. చూసేవాళ్ళ కన్ను ముందు బొమ్మ ముఖం మీద పడి, అక్కడి నుంచి నేరుగా కాళ్ళ దగ్గరికి దిగుతుంది. అందుకే బేస్ విషయంలో, అంటే బొమ్మ కింది పీట విషయంలో, నేను ఇంత పట్టుదలగా ఉంటాను.

హన్మకొండలో కూర్చొని ఈ పని చేసేవాళ్ళు రంగులు, బొమ్మలు చాలావరకు ఆన్‌లైన్‌లోనే తెప్పించుకోవాలి. చెక్క బేస్‌కు మాత్రం ఆ అవసరం లేదు. కావాల్సినవన్నీ స్టేషనరీ షాపులో, ఫ్లెక్సీలు వేసే షాపులో, టింబర్ డిపో దగ్గర, మన వంటింట్లో ఉన్నాయి. దొరికేవి ఎక్కువ కాబట్టే దేన్ని ఎంచుకోవాలో తేలక చాలామంది చేతికందిన ఐస్‌క్రీమ్ పుల్లలను అతికించి, పైన బ్రౌన్ రంగు పూసి వదిలేస్తారు. అట్లా చేసిన బేస్ ఎప్పటికీ ఐస్‌క్రీమ్ పుల్లల్లాగే కనిపిస్తుంది.

పుల్ల కొనేముందు రెండు సంగతులు తేల్చుకోండి. మీ బొమ్మ ఎత్తెంత? మీరు చూపించబోయే చెక్క దేనివల్ల పాతబడింది?

బొమ్మ ఎత్తు

మామూలు ఎత్తున్న మనిషి, అంటే 170 సెం.మీ. మనిషి, 1/35 కొలతలో, అంటే అసలు సైజులో 35వ వంతుగా చేస్తే, దాదాపు 49 మి.మీ. ఉంటాడు. 54 మి.మీ. బొమ్మలంటే సుమారుగా 1/32. 75 మి.మీ. బొమ్మలు 1/24కు దగ్గర. 1/72లో మనిషి 24 మి.మీ. కూడా ఉండడు. బల్ల మీద ఆడే ఆటల్లో వాడే 28 మి.మీ. బొమ్మలు 1/56 నుంచి 1/64 మధ్యలో ఎక్కడో ఉంటాయి.

ఇప్పుడు పుల్ల సంగతి. పాత తలుపైనా, ఎద్దుల బండి అడుగైనా పలక వెడల్పు ఆరు అంగుళాల నుంచి తొమ్మిది అంగుళాల వరకు ఉంటుందనుకుందాం. 1/35లో అది నాలుగున్నర నుంచి ఆరున్నర మి.మీ. అవుతుంది. ఐస్‌క్రీమ్ పుల్ల వెడల్పు సుమారు 10 మి.మీ. దాన్ని 35తో గుణిస్తే 35 సెం.మీ., అంటే దాదాపు 14 అంగుళాల పలక! అంత వెడల్పు పలక కోయాలంటే ఎంత లావు మాను కావాలో వడ్లాయన్ని అడిగితే చెప్తాడు. కాఫీ కలిపే పుల్ల వెడల్పు 6 మి.మీ. గుణిస్తే 21 సెం.మీ., ఎనిమిది అంగుళాల పలక. సరిగ్గా సరిపోతుంది.

మందం కూడా ఇట్లాగే చూడాలి. 2 మి.మీ. ఐస్‌క్రీమ్ పుల్ల 1/35లో 7 సెం.మీ. మందం అవుతుంది. వంతెన మీద పరిచే పలకలకు అది నప్పుతుంది, తలుపుకు నప్పదు. పైనుంచి చూసినంతసేపు ఎవరూ పట్టుకోలేరు. బేస్ అంచున పలకల చివరలు బయటికి కనిపించే చోట మాత్రం లోపం ఇట్టే దొరికిపోతుంది. స్కేలుతో పుల్లను కొలవడం, మీ బొమ్మ కొలతతో గుణించడం, ఆ లెక్క నిజం పలకకు సరిపోతుందా అని చూడటం. షాపులోనే నిలబడి ఫోన్‌లో చేసేయగల పని ఇది.

ఎండా, నీళ్ళా, కాళ్ళా

పరకాల వైపు మా అమ్మమ్మ వాళ్ళ పాత పెంకుటింటి దర్వాజకు టేకు తలుపులు ఉన్నాయి. చెక్క ఎట్లా ముసలిదవుతుందో నేను ఆ తలుపులు చూసే నేర్చుకున్నాను. పైభాగం ఎప్పుడూ చూరు నీడలో ఉంటుంది కాబట్టి అక్కడ చెక్క ఇంకా తేనె రంగులోనే ఉంది. నడుము ఎత్తులో, మధ్యాహ్నం ఎండ తగిలే చోట బూడిద రంగుకు తిరిగింది. దగ్గరికి పోయి చూస్తే ఆ బూడిదలో సన్నటి వెండి మెరుపు కనిపిస్తుంది. వేలితో నిమిరితే గీతలు గీతలుగా తగులుతుంది. కింద మూరెడు ఎత్తు వరకు మాత్రం పూర్తిగా వేరే రంగు. చూరు నీళ్ళు నేల మీద పడి చింది చింది చెక్క నల్లబడింది, అక్కడక్కడ పాచి పట్టింది, ఎర్రమట్టి మరకలు ఇంకిపోయాయి. గొళ్ళెం చుట్టూ అరచేయంత మేర నూనె రాసినట్టు నల్లగా, నున్నగా ఉంటుంది. ఎన్ని చేతులు తగిలాయో మరి. ప్రతి మేకు కింద కాటుక కారినట్టు ఒక నల్లటి చార.

వీటన్నిటికీ కారణాలు ఉన్నాయి. చెక్కలో పీచును పట్టి ఉంచే లిగ్నిన్ అనే పదార్థాన్ని ఎండలోని అతినీలలోహిత కిరణాలు విరగ్గొడతాయి. వాన దాన్ని కడిగేస్తుంది. మిగిలేది తెల్లటి సెల్యులోజ్ పీచు. ఆ పీచు, దాని మీద చేరే సన్నటి బూజు కలిసి మన కంటికి బూడిద రంగులో కనిపిస్తాయి. మెత్తటి భాగం ముందుగా అరిగిపోయి గట్టి గీతలు పైకి తేలతాయి. మేకు కింద చారేమో మేకులోని ఇనుము, చెక్కలోని టానిన్ అనే వగరు పదార్థం కలిసి తయారైన నల్లరంగు. ఇదే రసాయనాన్ని కాసేపట్లో మన పుల్లల మీద వాడబోతున్నాం.

కాబట్టి మీ బొమ్మ నిలబడే చోటును బట్టి రంగు మారిపోవాలి. జొన్న చేలో మంచె, ఇంటి ముందు విప్పి పెట్టిన బండి, దొడ్డి గేటు: ఇవి ఎండ దెబ్బ తిన్నవి. వెండి బూడిద రంగు, పలక చివర్ల పగుళ్ళు, నీడ తగిలే అడుగున ఇంకా మిగిలిన గోధుమ రంగు చూపాలి. ధర్మపురిలోనో కాళేశ్వరంలోనో గోదావరి రేవును ఊహించుకొని చేస్తున్నారా? అక్కడ నీళ్ళదే పెత్తనం. గుంజల మీద నీటి మట్టం గీత స్పష్టంగా ఉండాలి, కింద నలుపు, పచ్చదనం, పైన బూడిద. అంచులు మొనదేలకుండా అరిగి గుండ్రబడాలి. అటక, మెట్లు, గడప లాంటి చోట్ల కాళ్ళు తిరుగుతాయి. మధ్యలో నున్నగా, ముదురు గోధుమ రంగులో, మూలల్లో దుమ్ము పేరుకొని ఉంటుంది.

ఒకే బేస్ మీద ఈ మూడింటినీ సమానంగా చూపించకండి. ఒకటి ప్రధానంగా ఉండి, రెండోది ఓ మూలన కొంచెం కనిపిస్తే చాలు.

పుల్లల్లో ఏది మేలు

1/35, 1/32 బొమ్మలకు నా ఓటు కాఫీ కలిపే పుల్లలకే. ఇవి ఎక్కువగా బర్చ్ లాంటి సన్నటి గీతల చెక్కతో వస్తాయి. ఆ గీత సన్నగా ఉండటమే వీటి బలం. బొమ్మను ఎంత చిన్నది చేసినా చెక్క గీత చిన్నది కాదు కదా! టేకు ముక్కను ఎంత సన్నగా కోసినా దాని పోగులు, రంధ్రాలు అంతే పెద్దగా ఉంటాయి. 54 మి.మీ. బొమ్మ పక్కన అవి కాలువల్లా కనిపిస్తాయి. బర్చ్ గీత దాదాపు కనిపించదు, కాబట్టి మనకు కావాల్సినంత గీతను మనమే గీసుకోవచ్చు. హ్యాక్‌సా బ్లేడును పళ్ళ వైపు నుంచి పుల్ల మీద పెట్టి, గీత పొడవునా మెల్లగా లాగండి. తర్వాత చిన్న ఇత్తడి వైర్ బ్రష్‌తో అదే దిశలో రుద్దండి. అడ్డంగా మాత్రం ఒక్కసారి కూడా రుద్దకూడదు. అడ్డగీత ఒక్కటి పడినా అది పాత చెక్కలా ఉండదు, ఎవరో గరుకు కాగితంతో గీకిన చెక్కలా ఉంటుంది.

ఐస్‌క్రీమ్ పుల్లలు చవక. పిల్లల స్కూల్ ప్రాజెక్టుల పుణ్యమా అని ఏ స్టేషనరీ షాపులోనైనా కట్టలు కట్టలు దొరుకుతాయి. 75 మి.మీ. బొమ్మలకు ఇవి యథాతథంగా పనికొస్తాయి. 1/24లో 10 మి.మీ. అంటే తొమ్మిదిన్నర అంగుళాల పలక. చిన్న బొమ్మలకైతే స్టీల్ స్కేలు ఆనించి కట్టర్‌తో నిలువునా రెండుగా చీల్చుకోవాలి. గుండ్రటి చివరలు కోసి పారేయడం అన్నిటికన్నా ముఖ్యం. ఆ గుండ్రం ఒక్కటి కనిపించినా మొత్తం పని ఐస్‌క్రీమ్ పుల్లే అవుతుంది.

1/72కు అగ్గిపుల్లలు. మైనం పుల్లలు వద్దు, కట్టె పుల్లలే తీసుకోవాలి. మందు లేని క్రాఫ్ట్ పుల్లలు దొరికితే ఇంకా మంచిది. 2 మి.మీ. పుల్ల 1/72లో 14 సెం.మీ. మొద్దు అవుతుంది. దూలాలకు, గుంజలకు బాగుంటుంది. అదే పుల్ల 1/35లో మూడంగుళాల వాసం అవుతుంది. అగర్‌బత్తి కాలిపోయాక మిగిలే వెదురు పుల్ల సన్నటి కర్రలకు, కంచె గుంజలకు ఎంతో బాగా నప్పుతుంది. నేను వాటిని పారేయనివ్వను.

బాల్సా అనే తేలికైన, మెత్తటి చెక్క గురించి చాలా గొప్పగా చెప్తారు. బ్లేడుకు వెన్నలా తెగుతుందన్నది నిజమే. అయితే గోరు తగిలినా సొట్ట పడుతుంది, వైర్ బ్రష్ పెడితే చిరిగి నూగు లేస్తుంది, రంగు పెడితే ఒక్కచోటే పీల్చుకొని నల్లబడుతుంది. కుళ్ళి పొడిపొడిగా రాలిపోతున్న మొద్దును చూపించాలంటే ఆ మెత్తదనమే కలిసొస్తుంది. పలకల నేలకు మాత్రం నేను తీసుకోను.

పొణికి సంగతి వేరు. నిర్మల్ బొమ్మలు చేసే తెల్ల పొణికి కర్రను చేతిలో పట్టుకుంటే అంత తేలిక ఏమిటా అని ఆశ్చర్యం వేస్తుంది. మెత్తగా ఉన్నా బాల్సాలా నలిగిపోదు. కత్తి ఎటు తిప్పితే అటు శుభ్రంగా తెగుతుంది, ఎందుకంటే అందులో గీత దాదాపు ఉండదు. బొమ్మ చెక్కేవాళ్ళకు అది వరం. పాత పలక చేయాలనుకునే మనకు అదే లోటు. ఎంత బ్రష్ పెట్టినా పొణికి మీద గీత పైకి తేలదు. కాబట్టి పలకలకు వద్దు. బండి చక్రం నడిమి కుండ, రోకలి, చెట్టు మొద్దు, చెక్కిన స్తంభం లాంటివి బేస్ మీద పెట్టాలనుకుంటే మాత్రం పొణికికి సాటి లేదు. ఒక మాట. ఆ చెట్టు అడవుల్లో తగ్గిపోయి నిర్మల్ కళాకారులకే సరిపడా దొరకడం కష్టంగా ఉంది. బొమ్మలు చేసేవాళ్ళ దగ్గర మిగిలిన ముక్కలు అడిగి కొనుక్కోండి. మన సరదా కోసం కొత్త చెట్టు మీద కత్తి పడకూడదు.

నిర్మల్ వాళ్ళ దగ్గర నేర్చుకోవాల్సింది ఇంకొకటి ఉంది. చెక్కిన భాగాలను అతికించి, సందులు పూడ్చడానికి వాళ్ళు చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపి వాడతారు. చేర్యాల ముసుగులు కూడా ఆ ముద్దతోనే తయారవుతాయి. గింజలు నానబెట్టి, పైపొట్టు తీసి, మెత్తగా నూరి, నీళ్ళలో చిక్కగా ఉడికిస్తే జిగురు సిద్ధం. మన బేస్‌లో విరిగిన పలక చివర, పుచ్చు పట్టిన గుంజ చేయడానికి ఈ ముద్ద రెడీమేడ్ పుట్టీల కన్నా మేలు. ఎందుకంటే అందులో ఎక్కువ భాగం చెక్కే, రంగు చెక్కలాగే పీల్చుకుంటుంది. వానాకాలంలో త్వరగా బూజు పడుతుంది కాబట్టి కావాల్సినంతే చేసుకొని ఎండలో బాగా ఆరబెట్టాలి.

ఫర్నిచర్ షాపుల్లో మిగిలే టేకు వెనీర్ (పల్చటి చెక్క పొర) ముక్కలు అర మిల్లీమీటరు మందంలో ఉంటాయి. తలుపులు, పెట్టెల లాంటివి చేయడానికి 1/35లో అంత పల్చగా ఉండేది ఇంకొకటి లేదు. గీత పెద్దదిగా కనిపించే సమస్య ఉండనే ఉంటుంది. అందుకే గీత తక్కువ ఉన్న ముక్కలు ఏరుకోవాలి.

నిజంగానే పాతబడిన చెక్క, విరిగిన బండి పలకో పాత వాసమో, ఇంట్లో ఉంటే దాన్ని సన్నగా చీల్చి పలకలు చేయాలని అందరికీ అనిపిస్తుంది. పెద్ద బొమ్మలకు తప్ప అది నప్పదు, గీత కొలతకు మించిపోతుంది. దాన్ని అట్లాగే కింద పీటగా వాడండి. దాని నెరిసిన ముఖాన్ని చిత్రిక పట్టకుండా ఉంచి, పైన మీ చిన్న పలకలు అమర్చితే ఆ రెంటికీ జోడీ బాగా కుదురుతుంది. పుచ్చు పురుగులు ఉన్నాయేమో ముందు చూసుకోండి. సన్నటి రంధ్రాల్లోంచి పిండిలాంటి పొడి రాలుతుంటే ఇంట్లోకి తేవద్దు.

చెక్క లేకుండా చెక్క

ఫ్లెక్సీ షాపుల్లో బోర్డులకు వాడే సన్‌బోర్డ్ తుక్కు ముక్కలు అడిగితే చాలాసార్లు ఊరికే ఇస్తారు. అది నురుగు పీవీసీ షీటు. 3 మి.మీ., 5 మి.మీ. మందాల్లో ఉంటుంది. సూదితో, వైర్ బ్రష్‌తో గీతలు గీస్తే నిలుస్తాయి. నీళ్ళకు ఉబ్బదు, వంగదు. 28 మి.మీ. బొమ్మలకు, 1/72కు నేను దీనికే మొగ్గుతాను. అంత చిన్న కొలతలో నిజమైన చెక్క గీత ఎట్లాగూ పెద్దదవుతుంది. ఇక్కడ గీత ఎంత సన్నగా కావాలో మన చేతిలో ఉంటుంది. కానీ గుర్తుంచుకోండి, దీన్ని కాల్చకూడదు, వేడి సూదితో కరిగించకూడదు. పీవీసీ కాలితే వచ్చే పొగ విషం. ఇంకో పరిమితి కూడా ఉంది. చెక్క రంగు మందులేవీ దీనికి ఎక్కవు, అంతా పైపూతగానే వేయాలి.

థర్మకోల్ జోలికి పోకపోవడమే మంచిది. ఒక ప్రదర్శన కోసం రెండు రోజులు కూర్చొని థర్మకోల్ మీద రేవు పలకలన్నీ గీశాను. స్ప్రే డబ్బాతో నల్లరంగు కొట్టగానే కళ్ళ ముందే గుంతలు పడి పలకలు కరిగిపోయాయి. తెల్లవారితే ప్రదర్శన, ఆ రాత్రి పడ్డ టెన్షన్ ఇప్పటికీ మర్చిపోలేదు. స్ప్రేలోని సాల్వెంట్ పాలీస్టైరీన్‌ను కరిగిస్తుంది. ఫెవిక్విక్ కూడా అదే పని చేస్తుంది. పలకల కింద ఎత్తు కోసం దాన్ని పెట్టుకోవచ్చు, అదీ ఫెవికాల్‌తో అతికించి, పైన ఎక్కడా స్ప్రే తగలకుండా చూసుకుంటేనే.

రంగు: డికాషన్‌తోనా, డబ్బాలోని రంగుతోనా

నిజమైన చెక్క వాడుతున్నవాళ్ళకు నేను ముందుగా చెప్పేది ఇనుము, టీ డికాషన్ పద్ధతి. ఇది రంగు పూయడం కింద రాదు. తలుపు మీద మేకు చార ఎట్లా పుట్టిందో అదే పనిని గంటలో చేయించడం.

సూపర్ మార్కెట్లో దొరికే తెల్ల వెనిగర్‌ను గాజు సీసాలో పోసి, అందులో హార్డ్‌వేర్ షాపులో దొరికే సన్న ఇనుప పీచు వేయండి. గిన్నెలు తోమే స్టెయిన్‌లెస్ స్టీల్ పీచు పనికిరాదు, అది కరగదు. తుప్పు పట్టిన మేకులైనా ఫరవాలేదు. ఒకటి నుంచి మూడు రోజులు వదిలేయాలి. లోపల హైడ్రోజన్ బుడగలు వస్తాయి కాబట్టి మూత గట్టిగా బిగించకూడదు, పొయ్యికి దూరంగా పెట్టాలి. తర్వాత గుడ్డతో వడగట్టుకోవాలి.

కాఫీ పుల్లల్లో టానిన్ చాలా తక్కువ, ఇనుము నీళ్ళు ఒక్కటే పూస్తే పెద్దగా ఏమీ జరగదు. కాబట్టి ముందుగా చిక్కటి టీ డికాషన్, పాలు చక్కెర లేకుండా, కప్పు నీళ్ళకు నాలుగు చెంచాల పొడి వేసి మరిగించి, అందులో పుల్లలను పావుగంట నానబెట్టి ఆరబెట్టండి. టీ కన్నా బలమైనది కరక్కాయ. కలంకారీ వాళ్ళు గుడ్డకు ముందు కరక్కాయ పట్టించి, ఇనుప ముక్కలు బెల్లం నీళ్ళలో నానబెట్టిన ద్రవంతో గీస్తే నల్లగీత పడేది ఈ కారణం వల్లే. కరక్కాయ పొడి ఆయుర్వేద దుకాణంలో దొరుకుతుంది. చిటికెడు పొడి మరిగించిన నీళ్ళు చాలు, ఎక్కువైతే చెక్క బొగ్గులా నల్లబడిపోతుంది.

ఆరిన పుల్ల మీద ఇనుము నీళ్ళు బ్రష్‌తో పూసి చూస్తూ ఉండండి. మొదట ఏమీ ఉండదు. ఓ నిమిషానికి మబ్బు పట్టినట్టు మసకబారుతుంది. ఆ తర్వాత అంచుల నుంచి లోపలికి నీలం కలిసిన బూడిద రంగు పాకుతుంది. మనం గీసిన గీతల్లో ద్రవం ఎక్కువ నిలుస్తుంది కాబట్టి అక్కడ ముదురుగా, పైకి తేలిన చోట లేతగా వస్తుంది. అచ్చం నిజం చెక్కలాగే. గంట వరకు ఇంకా ముదురుతూనే ఉంటుంది, తొందరపడి రెండో పూత వేయొద్దు. వెండి బూడిద కావాలంటే ఒక వంతు ఇనుము నీళ్ళకు ఐదు వంతుల మంచినీళ్ళు కలపండి. రేవు గుంజలకు నల్లగా కావాలంటే కలపకుండా పూయండి. ఒక పుల్లకు పల్చగా, ఒకదానికి చిక్కగా, ఒకదానికి సగం వరకే పూయండి. పలకలన్నీ ఒకే రంగులో ఉండే నేల పాతదిగా కనిపించదు.

ఇందులో ఉన్న ఇబ్బందులు కూడా చెప్పాలి. ఫలితం ముందుగా పూర్తిగా చెప్పలేం. ఒకే కట్టలోని రెండు పుల్లలు రెండు రకాలుగా వస్తాయి. నాకు అది ఇష్టం, పక్కా ప్లాన్‌తో పనిచేసేవాళ్ళకు చిరాకు. ఇంకొకటి చాలా ముఖ్యం. మీ బొమ్మ పాత తరం లోహపు బొమ్మ అయితే అందులో సీసం ఉండే అవకాశం ఉంది. వెనిగర్ ఆవిరికి, అంటే ఎసిటిక్ ఆమ్లానికి, సీసం తెల్లటి పొడిలా మారి పాడవుతుంది. ముఖ్యంగా గాజు పెట్టెలో మూసి ఉంచితే ఆ ముప్పు ఎక్కువ. సీసం బొమ్మల కింద ఈ పద్ధతి అసలు వాడకండి. ప్లాస్టిక్, రెసిన్ బొమ్మలకు ఆ భయం లేదు.

సీసం బొమ్మలున్నవాళ్ళకు దారి ఆక్రిలిక్ రంగులు. ఫెవిక్రిల్, క్యామెల్ ఏదైనా సరే. ఇక్కడ అందరూ చేసే పొరపాటు నలుపు తెలుపు కలిపి బూడిద చేయడం. ఆ బూడిద సిమెంటు రంగులా వస్తుంది. నెరిసిన చెక్క బూడిదలో కొంచెం గోధుమ, కొంచెం పసుపు కలిసి ఉంటాయి. ముందుగా నీళ్ళగా కలిపిన బర్న్ట్ అంబర్ అనే ముదురు గోధుమ రంగు పూసి, ఆరాక, గోధుమ రంగు కలిసిన లేత బూడిదను దాదాపు పొడిబ్రష్‌తో గీతల మీద మాత్రమే తగిలేలా మెల్లగా రుద్దాలి. బ్రష్ మీద రంగు ఉందా లేదా అన్నంత తక్కువ ఉండాలి. సన్‌బోర్డ్‌కు ఇదొక్కటే దారి. దాని మీద ముందుగా ముదురు గోధుమ రంగు ప్రైమర్ వేయండి. గీతల్లోంచి తెల్లటి ప్లాస్టిక్ తొంగి చూస్తే అంతా చెడిపోతుంది.

మూడోది నల్ల డ్రాయింగ్ ఇంకు. మెడికల్ షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్‌లో నాలుగైదు చుక్కలు కలిపి పుల్లలను ముంచి తీయడం. స్పిరిట్ త్వరగా ఆరిపోతుంది కాబట్టి పుల్లలు తక్కువగా వంగుతాయి. పని గంటలో అయిపోతుంది. రంగు మాత్రం చల్లటి బూడిదగా, ఒకే తీరుగా వస్తుంది. దాని మీద పల్చటి గోధుమ పూత పడాలి. సమయం లేని రోజున మంచి మార్గం.

అతికించే ముందు

ముందు రంగు, తర్వాత జిగురు. ఈ క్రమం తప్పితే ఫెవికాల్ తగిలిన ప్రతిచోటా రంగు ఎక్కక లేత మచ్చలు మిగిలిపోతాయి. డికాషన్‌కైనా ఇంకుకైనా ఇదే నియమం. పుల్లలను రెండు వైపులా తడపండి. ఒకవైపే తడిపితే అటు ఉబ్బి దోనెలా వంగుతుంది. సగం ఆరాక రెండు టైల్స్ మధ్య పెట్టి పైన బరువు ఉంచండి. జూలై ముసురులో ఆరడానికి రెండు రోజులు పడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో మన ఎండకు మధ్యాహ్నానికే ఆరిపోతుంది, కానీ నేరుగా ఎండలో పెడితే పగులుతుంది. నీడలోనే ఆరనివ్వండి.

మేకులు వేసే చోటు ఆలోచించి వేయాలి. పలకల కింద దూలం ఎక్కడ ఉంటుందో అక్కడే మేకు పడుతుంది. కాబట్టి నేల అంతటా మేకులు ఒక వరుసలో, ప్రతి పలకకు దూలం మీద రెండేసి ఉంటాయి. ముందుగా పెన్సిల్‌తో దూలం గీత గీసుకొని, ఆ గీత మీద గుండుసూది మొనతో గుచ్చి, ప్రతి గుంతలో నల్లరంగు చుక్క వేసి, పలక గీత వెంట సన్నటి చారలా లాగండి. పలక చివరి పగుళ్ళు కూడా మేకు దగ్గర నుంచే మొదలవ్వాలి. ఒక పలక ఒక మేకు ఊడి కొంచెం పైకి లేచినట్టు పెడితే ఆ నేలకు ప్రాణం వస్తుంది.

ఎవరికి ఏది

మొదటిసారి చేస్తున్నవాళ్ళు, 54 మి.మీ. లేదా 1/35 ప్లాస్టిక్ బొమ్మ ఉన్నవాళ్ళు కాఫీ పుల్లలు, టీ డికాషన్, ఇనుము నీళ్ళతో మొదలుపెట్టండి. పది పుల్లలు ప్రయోగానికి వదిలేసుకోండి. సీసం ఉన్న పాత లోహపు బొమ్మైతే అవే కాఫీ పుల్లలు తీసుకొని ఆక్రిలిక్ వేయండి. 28 మి.మీ. ఆట బొమ్మలు ఇరవై ముప్పై ఒకేసారి చేయాలంటే సన్‌బోర్డ్ మించినది లేదు, ఆటలో చేతులు తగిలినా పలకలు ఊడిపోవు. 75 మి.మీ. పెద్ద బొమ్మ ఒక్కటే, షోకేస్‌లో పెట్టడానికి చేస్తున్నారంటే ఐస్‌క్రీమ్ పుల్లలు, కింద పాత వాసం పీట, పక్కన పొణికితో చెక్కిన ఒక చిన్న వస్తువు. రేవు చేయాలనుకుంటే గుంజలకు వెదురు పుల్లలు వాడండి. అయితే వెదురు పైతోలు రంగును పీల్చుకోదు, గరుకు కాగితంతో గీకాకే తడపాలి.

చివరికి దుమ్ము. చెల్క నేల ఎర్రమట్టి పిడికెడు తెచ్చి, పెనం మీద వేడి చేసి, పాత చీర గుడ్డలో జల్లించి వాడండి. వేడి చేయకపోతే తర్వాత బూజు రావచ్చు. ఫెవికాల్ నీళ్ళు తగిలితే మట్టి రంగు ముదురుతుంది కాబట్టి, జిగురు లేకుండా పొడిబ్రష్‌తో సందుల్లోకి తోసి, సర్జికల్ స్పిరిట్ ఒక్కో చుక్క వదిలితే నిలుస్తుంది. బొమ్మ కాలికి 1 మి.మీ. రంధ్రం చేసి తీగ దూర్చి, పలకలో అంతే రంధ్రం చేసి నిలబెట్టాలి. దుమ్ము చల్లకముందే బొమ్మను నిలబెట్టి, ఆ తర్వాత మడమ చుట్టూ చిటికెడు మట్టి తోయండి. పాదానికి, పలకకు మధ్య ఉన్న వెంట్రుకవాసి సందు ఆ మట్టితో మూసుకుపోతుంది.